మూడు ట్యాంకులు, ఒక చేదెక్కిన కోడి

ప్రశ్న: మాది గుంటూరు అరండల్‌పేట. ఇంటి వెనక కాస్త ఖాళీ జాగా ఉంది. మాంసాన్ని పొగలో నిదానంగా వండే బార్బెక్యూ స్మోకర్ ఒకటి పాత ఇనుముతో చేయించుకోవాలని ఉంది. ఇంట్లో ఓ పాత గ్యాస్ బండ పడి ఉంది. బాబాయి పురుగుమందుల కొట్టు నుంచి 200 లీటర్ల ఇనప డ్రమ్ము ఊరికే వస్తుంది. విజయవాడ ఆటోనగర్‌లో ఒక తుక్కు కొట్టతను పాత ఎయిర్ కంప్రెసర్ ట్యాంకు చూపించాడు. అడ్డం అడుగున్నర, పొడవు నాలుగడుగులు, కాటా వేసి ఇస్తానన్నాడు. మా వీధి వెల్డరు మూడింట్లో దేనితోనైనా చేసిస్తానంటున్నాడు. ఏది వాడమంటారు? ఇంకో సందేహం. ఈమధ్య స్నేహితుడి డ్రమ్ము స్మోకర్‌లో రెండు కోళ్లు పెడితే పైన తారు పూసినట్టు నల్లబడి చేదెక్కాయి. ఒకపక్క మాడింది, రెండోపక్క ఎముక దగ్గర పచ్చిగానే ఉంది. అలా ఎందుకైంది?

జవాబు: కంప్రెసర్ ట్యాంకు తీసుకోండి. మిగతా రెండిటి జోలికి వెళ్లొద్దు.

గ్యాస్ బండ సంగతి ముందు తేలుద్దాం. మీ ఇంట్లో ఉన్నా అది మీ సొత్తు కాదు. మీరు కట్టింది డిపాజిట్, బండ ఎప్పటికీ ఆయిల్ కంపెనీదే. దాన్ని కోయడానికిగానీ తుక్కుకి వేయడానికిగానీ మీకు హక్కు లేదు. చట్టం మాట అటుంచినా, కోయడమే ప్రమాదం. వాల్వు విప్పి వారం రోజులు ఎండలో పెడితే గ్యాసంతా పోతుందని వెల్డర్లు ధైర్యం చెబుతుంటారు. అడుగున జిడ్డులాంటి మడ్డి ఒకటి మిగిలిపోతుంది, గ్యాసు అందులో ఇంకి ఉంటుంది. కటింగ్ టార్చి వేడి తగలగానే అది ఆవిరై పైకి లేస్తుంది. లోపలి గాలిలో ఎల్పీజీ 2 శాతం నుంచి 9 శాతం దాకా ఉంటే చాలు, ఒక్క నిప్పురవ్వకి పేలుతుంది. అమెరికా వీడియోల్లో ప్రొపేన్ ట్యాంకులతో స్మోకర్లు చేయడం చూసి మీకీ ఆలోచన వచ్చి ఉంటుంది. అక్కడ ట్యాంకు కొన్నవాళ్లదే అవుతుంది. తెలిసినవాళ్లు దాన్ని మెడదాకా నీళ్లతో నింపి, తర్వాతే కోస్తారు. ఆ నీళ్లు నింపే ముక్క వీడియోలో సగంసార్లు కనపడదు. మీ బండను డీలరుకి అప్పగించి డిపాజిట్ వెనక్కి తెచ్చుకోండి.

పురుగుమందు డ్రమ్మైతే కడిగినా పనికిరాదు, కాల్చినా పనికిరాదు. డ్రమ్ము అడుగునా పైనా రేకు మడిచి కుట్టిన అతుకుల్లో మందు చేరి ఉంటుంది. ఏ నీళ్లూ అక్కడిదాకా వెళ్లవు. కాలిస్తే ఆ విషం పొగై మీ ముఖానికే కొడుతుంది. ఇంకో మాట కూడా బాబాయికి చెప్పండి. ఆ డ్రమ్ముని ఎవరికీ ఊరికే ఇవ్వొద్దు, గునపంతో పొడిచి చిల్లులు పెట్టి వదిలించుకోవాలి. లేకపోతే ఎవరో ఒకరు అందులో నీళ్లో వడ్లో పోసుకుంటారు.

ఇక ఆటోనగర్ ట్యాంకు. కొనే ముందు అది దేనికి వాడిందో అడగండి. గాలి కొట్టే కంప్రెసర్‌దైతే మంచిది, లోపల కాస్త కంప్రెసర్ ఆయిలు, తుప్పునీళ్లు తప్ప వేరే ఉండవు. పెయింటు స్ప్రే చేసే ప్రెషర్ పాట్ అయితే వద్దు. మీ గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీల నుంచి వచ్చే అమోనియా రిసీవర్లు, అంటే అమోనియా నిలవుండే ట్యాంకులు, కూడా తుక్కులో కనపడొచ్చు. వాటి రేకు మీకు అవసరమైనదానికన్నా మందం. ఇద్దరు కదపలేని స్మోకర్ తయారవుతుంది. రేకు మందం కొట్టువాడి నోటిమాట మీద నమ్మొద్దు. డ్రెయిన్ బోల్టు విప్పి, ఆ కంతలోంచి వెర్నియర్‌తో కొలవండి, లేదా చిన్న బెజ్జం వేయించి చూడండి. 4 నుంచి 6 మిల్లీమీటర్లు సరిపోతుంది. అడుగున తుప్పు తిని సన్నటి చిల్లులు పడినా బేరం తగ్గించుకోవడానికి పనికొస్తాయే తప్ప మనకి నష్టం లేదు. మనం అందులో గాలి నింపడం లేదు, అతుకు వేస్తే సరిపోతుంది. జింకు పూత ఉంటే మాత్రం వదిలేయండి. గీరితే వెండిలా మెరుస్తూ పైన పొడలు పొడలుగా కనపడేది అదే. ఆ పూత మీద వెల్డింగ్ చేస్తే వచ్చే తెల్ల పొగ పీల్చినవాళ్లకి ఆ రాత్రి చలిజ్వరం పట్టుకుంటుంది. మాంసం పెట్టే జాలీకి కూడా జీఐ మెష్, అంటే జింకు పూత వేసిన ఇనప వల, వాడకూడదని ఇప్పుడే గుర్తుపెట్టుకోండి.

కోయడానికి ముందు ట్యాంకుకి ఉన్న ప్రతి బోల్టూ, ప్రతి వాల్వూ విప్పించండి. మూసి ఉన్న ట్యాంకుని వేడి చేయకూడదు, లోపల ఉత్త గాలే ఉన్నా సరే. తర్వాత 20 లీటర్ల వేడినీళ్లలో అరకిలో బట్టల సోడా కలిపి లోపల పోయండి. నేలమీద అటూఇటూ దొర్లించి, పారబోసి, మళ్లీ ఒకసారి చేయండి. వేలు పెట్టి చూస్తే జిడ్డు తగలకూడదు. బ్రేక్ క్లీనర్ లాంటి స్ప్రేలతో జిడ్డు వదిలించి వెంటనే వెల్డింగ్ మొదలుపెట్టే అలవాటు కొందరికి ఉంది. వాటిలో క్లోరిన్ ఉన్న రకాలు వెల్డింగ్ వేడికి ఫాస్జీన్ అనే విషవాయువుగా మారతాయి. సోడానీళ్లు చవక, పనికీ లోటుండదు. మొదటి కోత గ్యాస్ కటింగుతో వద్దు. గ్రైండరుతో ఒక కిటికీలా తెరిచి, గాలి ఆడనిచ్చి, ఆ తర్వాత ఏదైనా వాడుకోవచ్చు.

ఇప్పుడు మీ కోడి దగ్గరికి వద్దాం. అది అర్థమైతే కొలతలన్నీ వాటంతటవే అర్థమవుతాయి. కట్టె వేడెక్కినప్పుడు ముందు అందులోంచి వాయువులు వస్తాయి. వాటికి తగినంత గాలి, తగినంత వేడి దొరికితే అవి మంటై కాలిపోతాయి. మిగిలే పొగ లేత నీలిరంగులో, కనపడీ కనపడనట్టు ఉంటుంది. రుచినిచ్చే పొగ అదే. గాలి చాలకపోతే ఆ వాయువులు కాలకుండానే దట్టమైన తెల్లపొగగా బయల్దేరి, చల్లగా ఉన్న మాంసం మీదా రేకు మీదా తారులా పేరుకుంటాయి. మీరు తిన్న చేదు ఆ తారుదే. వేడి ఎక్కువైందని భయపడి మీ స్నేహితుడు గాలి కంతలూ పొగగొట్టమూ మూసేసి ఉంటారు, తొంభై శాతం జరిగేది అదే. పెద్ద మంట వేసి దాని గొంతు నొక్కడం కన్నా చిన్న మంట వేసి దాన్ని బాగా మండనివ్వడం మేలు. స్మోకర్ పనితనమంతా ఇక్కడుంది. ఇక ఒకపక్క మాడటానికి కారణం నిప్పుల సెగ నేరుగా తగలడం. నిప్పుని పక్క పెట్టెలోకి మార్చేది అందుకే.

మీ ట్యాంకు అడ్డం 45 సెంటీమీటర్లు, పొడవు 120 అనుకుందాం. అంటే దగ్గర దగ్గర 190 లీటర్లు. నిప్పు వేసే ఆ పక్క పెట్టె, అంటే ఫైర్‌బాక్స్, అందులో మూడోవంతు ఉండాలన్నది స్మోకర్లు చేసేవాళ్ల లెక్క. 40 సెంటీమీటర్ల ఘనం చేయిస్తే 64 లీటర్లు, సరిగ్గా సరిపోతుంది. ఇంతకన్నా చిన్నదైతే కట్టెకి కట్టె తగిలి ఊపిరాడదు, పెద్దదైతే కట్టెలు దండగ. దీనికి 6 మిల్లీమీటర్ల ఎం.ఎస్. (మైల్డ్ స్టీలు, అంటే మామూలు ఇనుము) ప్లేటు వాడండి. 3 మిల్లీమీటర్ల రేకుతో చేయిస్తే కొన్నాళ్లకే పైరేకు వంగి, తలుపు మూసుకోవడం మానేస్తుంది. 6 మిల్లీమీటర్ల ప్లేటు చదరపు మీటరుకి 47 కిలోలు తూగుతుంది కాబట్టి ఆరు వైపులకీ కలిపి 45 కిలోలు. కొత్త ప్లేటు కొనక్కర్లేదు. ఆటోనగర్‌లో లారీలకి బాడీ కట్టే షెడ్ల దగ్గర ముక్కలు కాటాకి దొరుకుతాయి, నాలుగు మూలలూ చదునుగా ఉన్నాయో లేదో చూసుకుంటే చాలు.

ట్యాంకు ఒక చివర ఉబ్బెత్తు మూతని కోసేసి, అక్కడ 45 సెంటీమీటర్ల గుండ్రటి ప్లేటు వేయించండి. ఫైర్‌బాక్స్‌ని దాని పక్కన కిందికి దించి అతికించాలి. పెట్టె పైరేకు ట్యాంకు అడుగుకన్నా 10 సెంటీమీటర్లు ఎత్తులో ఉండాలి. వేడి, పొగ ట్యాంకులోకి వెళ్లే కంత వైశాల్యం 200 చదరపు సెంటీమీటర్లు. గుండ్రటి ప్లేటు అడుగు అంచు నుంచి ఎనిమిదింపావు సెంటీమీటర్ల ఎత్తులో అడ్డంగా గీత గీసి, దానికింద చంద్రవంకలా మిగిలిన ముక్క తీసేస్తే అంతే వస్తుంది. పెట్టె గోడా ఆ ప్లేటూ రెండూ కలిపి పట్టి ఒకేసారి కోయించండి, లేకపోతే రెండు కంతలూ కలవవు. ఎక్కువ సెగ తగిలే చోటు ఇదే కాబట్టి అక్కడ రెండు ప్లేట్లు ఉండటం మంచిదే.

ఫైర్‌బాక్స్ తలుపుకి గాలి కంతలు కావాలి. 7 సెంటీమీటర్ల అడ్డంతో రెండు గుండ్రటి కంతలు, వాటిమీద ఒక బోల్టు చుట్టూ తిరిగే రేకు బిళ్ల. కంతలు తలుపు కింది భాగంలో ఉండాలి, నిప్పు కింద నుంచి గాలి పోవాలి. లోపల 12 మిల్లీమీటర్ల కడ్డీలు వేలెడు సందుతో అమర్చి జల్లెడలా చేసి, అడుగు నుంచి 6, 7 సెంటీమీటర్లు ఎత్తులో పెట్టండి. దాన్ని వెల్డింగ్ చేయించొద్దు, ఊరికే కూర్చోబెట్టండి. అన్నిటికన్నా ముందు కాలిపోయేది అదే, తీసి మార్చుకోగలగాలి. బూడిద ఆ కడ్డీలదాకా పేరుకుంటే ఎంత గాలి కంత ఉన్నా లాభం లేదు.

పొగగొట్టం దగ్గర చాలామంది దెబ్బతింటారు. చూడ్డానికి బాగుంటుందని ట్యాంకు నెత్తిమీద పెట్టిస్తారు. వేడి పైపైనే దొర్లుకుంటూ నేరుగా బయటికి పోతుంది, కింద జాలీ మీద మాంసం ఉడకదు. గొట్టాన్ని ఫైర్‌బాక్స్‌కి రెండో చివర, జాలీ ఎత్తులో పక్కనుంచి తీయించి, అక్కడ ఎల్బో (వంపు ముక్క) వేసి పైకి లేపాలి. 4 అంగుళాల పైపు, ఎత్తు 90 సెంటీమీటర్లు. కొత్త పైపు అక్కర్లేదు, పాత ఎం.ఎస్. పైపు చాలు, జీఐ పైపు మాత్రం వద్దు. పైన వాన పడకుండా ఓ రేకు మూత పెట్టుకోండి. వండేటప్పుడు మాత్రం అది పూర్తిగా తెరిచే ఉండాలి. వేడి తగ్గించాలంటే తలుపు దగ్గరి బిళ్ల తిప్పాలి, గొట్టం మూయకూడదు.

మాంసం పెట్టి తీయడానికి ట్యాంకుకి పెట్టే పెద్ద తలుపు కోత మీ వెల్డరు పనితనానికి పరీక్ష. ట్యాంకు రేకుని గుండ్రంగా వంచినప్పటి బిగువు ఇంకా అందులోనే ఉంటుంది. నాలుగు వైపులా కోసి ముక్క ఊడదీస్తే అది విప్పారిపోతుంది, మళ్లీ ఆ కంతలో ఇమడదు. అందుకని ముందు మొత్తం సుద్దతో గీసుకుని, బందులు వచ్చే పైవైపు మాత్రం గ్రైండరుకి సన్నటి కటింగ్ వీల్ వేసి కోయాలి. అక్కడే రెండు బరువైన బందులు వెల్డింగ్ చేయాలి. తర్వాత మిగతా మూడు వైపులా కోయాలి. చివరి మూలల దగ్గర కాస్త వదిలేసి, తలుపు అంచులకి 25 మిల్లీమీటర్ల పట్టీ సగం తలుపు మీద, సగం బయటికి వచ్చేలా టాకాలు (అక్కడక్కడ చిన్న వెల్డింగ్ చుక్కలు) వేసి, ఆ తర్వాతే మూలలు తెంపాలి. పట్టీ మొత్తం ఒకేసారి గీత లాగినట్టు వెల్డింగ్ చేస్తే తలుపు మెలితిరుగుతుంది. రెండంగుళాలు వేసి, దూరంగా మరో రెండంగుళాలు వేసి, చల్లారనిచ్చి మధ్యలో నింపుకుంటూ రావాలి. 3.15 మిల్లీమీటర్ల వెల్డింగ్ రాడ్డు, 6013 రకం సరిపోతుంది. తలుపు 90 సెంటీమీటర్ల పొడవు, 55 వెడల్పు ఉంటే 5 మిల్లీమీటర్ల రేకుకి 19 కిలోలు తూగుతుంది. చెయ్యి జారితే వేళ్లు చితుకుతాయి. వెనక్కి ఒక కడ్డీ దింపి చివర పాత ఫ్లైవీలు ముక్కో, ఇనప దిమ్మో బరువుగా వేలాడదీయించండి. పిడి కర్రదిగానీ స్ప్రింగు చుట్టినదిగానీ ఉండాలి, ఉత్త కడ్డీ కాలుతుంది.

తలుపు అంచులోంచి కాస్త పొగ కారితే కంగారుపడొద్దు, నాలుగు వంటలకి జిడ్డు పట్టి అదే మూసుకుంటుంది. మరీ కారితే ఫైబర్ గ్లాసు తాడు అంటించండి. బాయిలర్ సామాను కొట్లలో ఆస్‌బెస్టాస్ తాడు కూడా అమ్ముతారు. దాని నార ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రాదు, తిండి వండేచోట దానికి పనిలేదు.

జాలీ ట్యాంకు సరిగ్గా సగం ఎత్తులో ఉంటే ఎక్కువ వెడల్పు వస్తుంది. రెండు పక్కలా 25 మిల్లీమీటర్ల యాంగ్లర్ (ఎల్ ఆకారపు ఇనప పట్టీ) అతికించి, దానిమీద పూతలేని ఎం.ఎస్. జాలీ, లేదా 6 మిల్లీమీటర్ల స్టీలు కడ్డీలు పరుచుకోండి. నేల నుంచి జాలీ 85, 90 సెంటీమీటర్లు ఉంటే వంగకుండా పని చేసుకోవచ్చు. జాలీకి కింద, కంత దగ్గర నుంచి 35 సెంటీమీటర్ల దాకా ఒక 4 మిల్లీమీటర్ల ప్లేటు కొద్దిగా ఏటవాలుగా పెట్టండి, అతికించొద్దు. కంతలోంచి వచ్చే సెగ నేరుగా మొదటి కోడికి తగలకుండా ఇది ఆపుతుంది. దాన్ని ముందుకీ వెనక్కీ జరుపుతూ రెండు చివరలా వేడి దగ్గరికి తెచ్చుకోవచ్చు. అయినా 10, 15 డిగ్రీల తేడా ఉంటుంది. అది లోపం కాదు, కోడి తొడల్ని వేడివైపూ, రొమ్ముని చల్లవైపూ పెట్టుకోవడానికి పనికొస్తుంది.

కంప్రెసర్ ట్యాంకులో మీకు ఊరికే వచ్చే సౌకర్యం ఒకటుంది. అడుగున డ్రెయిన్ కంత తయారుగా ఉంటుంది. కొవ్వు కారడానికి అదే వాడుకోండి. కంత మధ్యలో ఉంటే ట్యాంకుని అటే వాలేలా సర్దలేరు కాబట్టి, పొగగొట్టం వైపు చివర ఒక ముప్పావు అంగుళం సాకెట్ వేయించి, ట్యాంకుని ఆ వైపుకి ఒక అంగుళం వాలుగా కూర్చోబెట్టండి, పాతది బోల్టుతో మూసేయండి. కింద డబ్బా వేలాడదీయండి. కొవ్వు ఫైర్‌బాక్స్ వైపు పారితే ఒకరోజు ట్యాంకులోనే మంట లేస్తుంది. పైన సేఫ్టీ వాల్వు ఉండే కంతలో థర్మామీటరు బిగించమని వెల్డరు సలహా ఇస్తాడు. వినొద్దు. నెత్తిమీద చూపే వేడి వేరు, జాలీ మీది వేడి వేరు. మాంసానికి రెండంగుళాల పైన, తలుపుకి రెండు చివరలా ఒక్కొక్క డయల్ థర్మామీటరు పెట్టండి. బిగించేముందు మరుగుతున్న నీళ్లలో ముంచితే 100 చూపాలి.

అన్నీ కలిపి 150 కిలోలు దాటుతుంది. స్టాండుకి 50 మిల్లీమీటర్ల యాంగ్లర్ వాడండి. బరువంతా ఫైర్‌బాక్స్ వైపే ఉంటుంది కాబట్టి చక్రాలు ఆ పక్క వేయాలి, ప్లాస్టిక్‌వి కాకుండా ఇనప చక్రాలు. గోడకి, ప్రహరీ మీది తీగలకి పది అడుగులన్నా దూరం ఉంచండి. వరండాలోగానీ షెడ్డు లోపలగానీ వెలిగించొద్దు, కనపడని కార్బన్ మోనాక్సైడ్ మనిషిని పడేస్తుంది. వేసవిలో వడగాడ్పు వీస్తున్న మధ్యాహ్నం కన్నా తెల్లవారుజామున మొదలుపెట్టడం అన్ని విధాలా నయం. పక్కింటివాళ్లు ఏ రోజు బట్టలారేస్తారో తెలుసుకోవడం కూడా సాంకేతిక విషయమే.

మొదటిసారి మాంసం పెట్టకండి. ముందు బయటి పాత రంగుని వైరు బ్రష్షుతో గీకించండి, ఆ పొడి పీల్చకుండా ముక్కుకి మాస్కు కట్టుకోవాలి. లోపల వేరుశనగ నూనె పల్చగా పూసి, మూడు నాలుగు గంటలు పెద్ద మంట వేయండి. లోపలి రేకు నల్లగా, ఆరినట్టుగా మారుతుంది. తుప్పుకి అదే పూత. బయట వేడికి ఆగే అల్యూమినియం పెయింటు వేసుకోవచ్చు. ఫైర్‌బాక్స్ మీద ఏ పెయింటూ నిలవదు, అక్కడ అప్పుడప్పుడు నూనె గుడ్డతో తుడవడమే.

కట్టెల అడితిలో అడగాల్సింది మామిడి, జామ, చింత. నూజివీడు వైపు తోటల్లో కొమ్మలు నరికే రోజుల్లో మామిడి సులువుగా దొరుకుతుంది. నల్లతుమ్మ బాగా మండుతుంది, నిప్పు గట్టిగా నిలుస్తుంది. చెరువుగట్ల మీద పెరిగే సర్కారు తుమ్మ, అమెరికావాళ్లు మెస్కీట్ అని మురిసిపోయే చెట్టుకి దాయాది. ఘాటు ఎక్కువ, అందుకని దాన్ని బొగ్గుగా వాడి, పొగ కోసం మామిడి వేయండి. జామాయిల్ కర్రలో నూనె ఉంటుంది, మాంసానికి మందు వాసన వస్తుంది. వేప వద్దు. గన్నేరు విషం, దాని పుల్ల కూడా పడకూడదు. పాత తలుపులు, ప్లైవుడ్, రంగేసిన చెక్క, పెట్టెల చెక్కలు ఏవీ వద్దు. కట్టె 30 సెంటీమీటర్ల పొడవు, మణికట్టు లావు ఉండాలి. చీల్చి, వాన తగలకుండా నాలుగైదు నెలలు ఆరబెట్టినదై ఉండాలి. రెండు ముక్కలు ఒకదానికొకటి కొడితే ఠంగుమనాలి, దబ్‌మంటే ఇంకా పచ్చిగా ఉన్నట్టు. కట్టెల్ని నీళ్లలో నానబెట్టమని చెప్పేవాళ్లుంటారు. నీళ్లు లోపలికి దిగవు, పైన తడి ఆరేదాకా ఆవిరీ తెల్లపొగా వస్తాయి, అంతే.

రెండు కిలోల బొగ్గు రాజేసి, నిప్పుల మీద రెండు కట్టెలు వేసి, ఫైర్‌బాక్స్ తలుపు కొంచెం తెరిచి మండనివ్వండి. ట్యాంకు 120 డిగ్రీలకి వచ్చి, గొట్టంలో తెల్లపొగ పోయాకే మాంసం పెట్టాలి. ఆ తర్వాత అరగంటకో ముప్పావుగంటకో ఒక్క ముక్క. వేయబోయే ముక్కని ముందే ఫైర్‌బాక్స్ పైరేకు మీద పెట్టి ఉంచితే వేయగానే అంటుకుంటుంది. వేశాక ఐదు నిమిషాల్లో మంట లేవకపోతే తలుపు తెరవండి, చూస్తూ కూర్చోకండి.

కిలోంపావు కోడిని వెన్నెముక తీసి పరిచి పెట్టండి. కోడికి 110 డిగ్రీలు చాలదు, తోలు రబ్బరులా సాగుతుంది. 140 దగ్గర ఉంచితే గంటన్నర, రెండు గంటల్లో అవుతుంది. తొడ లోపల, ఎముకకి తగలకుండా సూది థర్మామీటరు గుచ్చితే 74 డిగ్రీలు దాటాలి. మేక జబ్బ మాంసానికి ఓపిక కావాలి. మన మేకపోతులో కొవ్వు తక్కువ, చివరిదాకా విప్పి పెడితే ఎండి కట్టెవుతుంది. 120 దగ్గర మూడు గంటలు పొగ పట్టాక అరటాకులో, పైన అల్యూమినియం రేకులో చుట్టి, లోపలి వేడి 93కి వచ్చేదాకా ఉంచండి. మన కారం మొదట్లోనే దట్టంగా పట్టిస్తే వేడి చివర ముక్కలు నల్లబడతాయి. ఉప్పు, అల్లం వెల్లుల్లి, మిరియాలు ముందు, కారం నెయ్యిలో కలిపి ఆఖరి అరగంటలో పూయండి.

వండిన మర్నాడే బూడిద ఎత్తేయండి. వాన తడి తగిలిన బూడిద ఫైర్‌బాక్స్ అడుగుని తినేస్తుంది. ఇలాంటి పెట్టెలు పాడయ్యేది ఎక్కువగా మంటవల్ల కాదు, దీనివల్లే.

ఈలోగా ఆ ట్యాంకు ఎవరైనా ఎత్తుకుపోతే, వంటనూనె వచ్చిన 200 లీటర్ల డ్రమ్ము చూసుకోండి. లోపల ఎర్రగానో గోధుమరంగులోనో పూత ఉన్నది వద్దు, ఉత్త రేకుదే కావాలి. అడుగు నుంచి రెండంగుళాల ఎత్తులో చుట్టూ ఒక్కొక్కటి అంగుళం అడ్డంతో మూడు కంతలు, రెండిటికి బోల్టు మూతలు, ఒకదానికి బాల్ వాల్వు పెట్టించండి. మూతకి 12 మిల్లీమీటర్ల కంతలు ఎనిమిది. మూడున్నర కిలోల బొగ్గు పట్టే 35 సెంటీమీటర్ల జాలీ బుట్ట అడుగున, మాంసం జాలీ దానికి 60 సెంటీమీటర్ల పైన. బుట్టలో బొగ్గు మధ్య రెండు మూడు మామిడి చెక్కలు దూర్చి, పైన పిడికెడు నిప్పులు వేస్తే కిందికి నిదానంగా పాకుతుంది. ఇందులో కట్టెలతో మంట వేయడం కుదరదు, బొగ్గే వాడాలి. మీ స్నేహితుడి డ్రమ్ము కొలతలు కూడా ఒకసారి తీసి చూడండి. బుట్టకీ జాలీకీ మధ్య అడుగున్నర కూడా లేకపోతే కోడి ఒకపక్క మాడటానికి వేరే కారణం వెతకక్కర్లేదు.